రెండు చేతుల జాగా

కెజియాకు చేతులు కుదరడం లేదు.

గుడ్డ మీద మిగతా బొమ్మంతా తయారైంది. పదకొండు మంది శిష్యులు గోడవారగా కూర్చున్నారు. పన్నెండో ఆయన ముందు పీట మీద కూర్చుని కాలు చాపాడు. ఆయన ఎదుట ఏసయ్య నడుముకు తువ్వాలు కట్టుకుని మోకాళ్ల మీద వంగాడు. పక్కన నీళ్ల పళ్లెం. ముఖాలు, బట్టల మడతలు, పళ్లెం అంచు, అన్నిటికీ నల్లగీత పడి ఆరిపోయింది. ఏసయ్య ముంజేతుల దగ్గరికి వచ్చేసరికి గీత ఆగిపోయింది. అక్కడి నుంచి చాపిన కాలి దాకా రెండు చేతుల జాగా మిగిలింది.

ఖాళీ అనడానికి కూడా లేదు. చింతబొగ్గుతో గీయడం, పీలికతో దులపడం, మళ్లీ గీయడం. పదిహేను రోజులుగా అదే వరస. ఆ జాగా అంతా బూడిద పులిమినట్టు అయింది. కలం ముట్టించడానికి మాత్రం ధైర్యం చాలడం లేదు. బొగ్గు దులిపితే పోతుంది. కలం గీత గుడ్డ చిరిగేదాకా పోదు.

నాయుడుపేటలో కెజియా వాళ్ల మందిరానికి యాభై ఏళ్లు నిండుతున్నాయి. ఈస్టరుకు ముందు వచ్చే గురువారం ఆరాధనలో ఆ గుడ్డ ప్రభువు బల్ల వెనక గోడకు కట్టాలి. ఇంకా ఇరవై రెండు రోజులుంది. రంగులకే పది రోజులు పోతాయి. పాస్టరుగారు ఫోను చేసి మెత్తగానే చెప్పారు. "కాకుంటే కాలేదని చెప్పేయమ్మా. ఫ్లెక్సీ వేయించేస్తాం." ఆ మాట విన్న పూట పిల్ల అన్నం ముట్టలేదు.

"చేతులు రావడం లేదు సార్," అంది.

చెంగల్రాయుడు తన గుడ్డ మీంచి తల ఎత్తలేదు. శ్రీకాళహస్తిలో యాభై అయిదేళ్లుగా కలంకారీ కలం పట్టిన మనిషి. ఆ చేతులు ఎందుకు రావడం లేదో ఆయనకు మొదటి రోజే తెలుసు. చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది.

ఎనిమిది నెలల కిందట ఆ పిల్ల పట్నంలో బొమ్మల కాలేజీ చదువు ముగించి, బహుమతులు వచ్చిన బొమ్మలు చుట్టచుట్టి సంకన పెట్టుకుని వచ్చింది. ఆయన ఒక్కొక్కటీ విప్పి చూశాడు. కింద రాసిన రాతల జోలికి పోలేదు. అక్షరం ఆయనకు కూడబలుక్కుంటే తప్ప రాదు.

"చెయ్యి మంచిదే. ఆర్నెల్లు ఏట్లో గుడ్డలు జాడించు. ఆ తర్వాత కలం ఇస్తా."

"నేను బొమ్మ నేర్చుకోవాలని వచ్చినాను సార్. జాడించడానికి మునెమ్మక్క ఉంది కదా."

ఇరవై ఏళ్లుగా ఆయన గుడ్డలు జాడించే మునెమ్మ అక్కడే ఉంది. "ఉండానమ్మా, ఉండాను. నేనెక్కడికి పోతా," అని నవ్వేసింది.

ఆయన నవ్వలేదు. "సరే" అన్నాడు. ఆ రోజే కలం చేతికిచ్చాడు.

ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పడం ఆయన ఒంట్లో లేదు. అందులోనూ కాలేజీ చదువంటే మొదటి నుంచీ గిట్టదు. పన్నెండేళ్ల కిందట ఎవరో ఒక మాస్టరు పిల్లల్ని వెంటేసుకుని వచ్చి, ఈయన ముందే నిలబడి, "మనది కళ, వీళ్లది చేతిపని" అని వాళ్లకు చెప్పి పోయాడు. ఆ మనిషి చొక్కా మీద చారలు ఏ రంగువో ఆయనకు ఇవాళ్టికీ జ్ఞాపకమే.

అయినా పనిలో ఏదీ దాచుకోలేదు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి కలం చేయడం, ఇనుమూ బెల్లమూ నానేసి నల్లరంగు తీయడం, అన్నీ నేర్పాడు. ఏటి సంగతి ఒక్కటే ఎత్తలేదు. తనే వచ్చి అడగనీ అనుకున్నాడు. ఆ పిల్ల అడగలేదు.

"సార్," అంది మళ్లీ. "ప్రార్థన చేసుకునే కూర్చుంటున్నా. నిన్న ఉపవాసం కూడా ఉన్నా. నాకు భక్తి చాల్లేదా?"

"భక్తి సంగతి నాకేం తెలుసు. పక్కకు జరుగు."

వచ్చి గుడ్డ ముందు కూర్చున్నాడు. ఇన్ని రోజులూ గీత చూశాడే గాని, కథ ఏమిటని అడగలేదు.

"పీట మీద కూచున్నాయన ఎవురు?"

"పేతురు సార్. శిష్యుడు."

"వంగినాయన?"

"ఏసయ్య. గురువు."

"అయితే తిరగేసి గీసినావు. కడగాల్సింది శిష్యుడు గదా."

"లేదు సార్. ఆయనే కడిగినాడు. పన్నెండు మందికీ."

"వీళ్లకేం రోగం?"

"ఎవరూ లేవలేదు సార్. నేను పెద్దంటే నేను పెద్దని వాదించుకుంటా కూచున్నారు."

"తిట్టినాడా?"

"లేదు. లేచి తువ్వాలు కట్టుకున్నాడు. అంతే."

చెంగల్రాయుడు పీట మీద ఆయన్ని వేలితో చూపించాడు. "వీడు మొండోడి మాదిరి ఉండాడే."

"అవును సార్. ముందు వద్దన్నాడు."

"ఊ" అన్నాడు ఆయన. బూడిద పట్టిన జాగాకేసి కొంచెంసేపు చూసి, లేచి తన చోటికి పోయాడు.

మర్నాడు పొద్దున మునెమ్మ వచ్చేసరికి, జాడించాల్సిన గుడ్డను ఆయన భుజాన వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. ముందురోజు పటిక నీళ్లు పూసి ఆరబెట్టిన గుడ్డ అది. పటిక పూసిన చోటే ఎర్రరంగు నిలుస్తుంది. రంగు మరిగే కాగులో వేసేముందు, ఎక్కువైన పటిక పారే నీళ్లలో పోవాలి.

"ఇదేం పని పెద్దాయనా! ఏట్లో దిగి పదకొండేళ్లాయ నువ్వు. మోకాళ్లు గుర్తుండాయా?"

"ఈ పొద్దు నీకు పని లేదు. కూచో."

"పని లేదంటే? మానుకోమంటావా?"

"కూచోమంటి గదా!"

కెజియా బొగ్గు కింద పెట్టి వెనకే నడిచింది. ఆయన పిలవలేదు, వద్దనీ అనలేదు.

ఎండలు మొదలైనా ఏట్లో ఒక పాయ ఇంకా పారుతూనే ఉంది. ఆయన చెప్పులు ఇసకలో విడిచాడు. పంచె పైకి దోపుకుని ఒక్కో అడుగే వేస్తూ దిగాడు. అవతల బట్టలు ఉతుక్కుంటున్న ఆడవాళ్లు చేతులాపి చూశారు. చూస్తున్నారని ఆయనకు తెలుసు. నడుం వంచి, గుడ్డను నీళ్ల మీద పరిచాడు.

"సార్, మీరు బయటికి రండి. నేను చేస్తా."

"నీకు రాదు."

"నేర్పించండి సార్."

ఆ మాట కోసమే ఎనిమిది నెలలు బిగుసుకుని కూర్చున్నాడు. తీరా వచ్చాక, పెద్ద సంబరమేమీ కలగలేదు. నీళ్లు చల్లగా ఉన్నాయి. కుడి మోకాలు సలుపుతోంది.

"దిగు. ఆ కొస పట్టుకో. గట్టిగా పట్టొద్దు. పట్టిన కాడ పటిక పోదు. కాగులో వేస్తే ముందు నీ వేళ్లే ఎర్రగా లేస్తాయి. అట్టని వదిలేయొద్దు, ఏరు లాక్కపోతాది."

"మరి ఎట్ట పట్టుకోవాలి సార్?"

ఆయన తన రెండు చేతులూ నీళ్లలో, గుడ్డ కింద పెట్టి చూపించాడు.

సాయంత్రం గుడ్డ కాగులోంచి బయటికొచ్చింది. ఒక మూల నాలుగు వేళ్ల అచ్చు ముదురు ఎరుపున దిగి ఉంది.

"ఇదెవురి చెయ్యి? నాది కాదు సామీ!" అంది మునెమ్మ.

కెజియా తల దించుకుంది. వెంట్రుకవాసి గీత వంకరపోయినా గుడ్డ విసిరేసే మనిషి చెంగల్రాయుడు. ఆ పూట కత్తెర తీసుకుని ఆ మూల వరకు కత్తిరించాడు. పిల్ల కూర్చునే చోట, కళ్లెదురుగా, మేకుకు తగిలించాడు.

మర్నాడు కెజియా తనే ఏటికి పోయింది. ఆ మర్నాడూ పోయింది. బొగ్గు ముట్టుకోలేదు. తన గుడ్డ విప్పి కూడా చూడలేదు. వారం దాటాక మునెమ్మకే గుబులు పట్టింది.

"నా పని నాకిచ్చేసి నీ పని చూసుకో తల్లీ. గురువారం ముంచుకొస్తా ఉంది."

"ఇంకా వేళ్లు పడతా ఉండాయక్కా."

"పడితే పడనీ. ఫ్లెక్సీకి చెప్పేస్తారు మీవాళ్లు."

కెజియా లేచింది. గుడ్డ తీసుకుని వెళ్లిపోయింది.

తొమ్మిదో రోజు గుడ్డ కాగులోంచి వచ్చింది. మునెమ్మ నాలుగు అంచులూ ఎండకెత్తి వెతికింది. ఎక్కడా ఏమీ లేదు.

పదో రోజు పొద్దున కెజియా ఏటి నుంచి వచ్చి తడి చేతులు పావడాకు తుడుచుకుంది. వేళ్ల కొసలు నీళ్లకు నాని ముడతలు పడి ఉన్నాయి. తన గుడ్డ పరిచింది. ఆ జాగాలో బొగ్గంతా దులిపింది. బొగ్గుపుల్ల తీసుకోలేదు. కలం నల్లరంగులో ముంచి నేరుగా గుడ్డ మీద పెట్టింది.

ఎదురుగా చెంగల్రాయుడు తన గుడ్డ మీదే వంగి ఉన్నాడు. ఆయన చేతిలో కలం ఎప్పుడో ఆరిపోయింది.

"చూడండి సార్."

లేచి వచ్చాడు. మడమ కింద రెండు చేతులున్నాయి. పట్టి బిగించలేదు, జారనివ్వడమూ లేదు. వేళ్ల కొసల్లో సన్నని ముడతలు.

తప్పు పట్టకుండా ఆయన ఏ బొమ్మనూ వదిలింది లేదు. ఈ అంచు నుంచి ఆ అంచుకు, మళ్లీ ఆ అంచు నుంచి ఈ అంచుకు చూశాడు. చివరికి ఆయన చూపు వంగి ఉన్న గురువు దగ్గర ఆగింది. చెయ్యి దానంతట అదే కుడి మోకాలు రుద్దుకుంటోంది.

"పాపం," అన్నాడు. "ఆయనకూ మోకాళ్లు నొప్పి పుట్టే ఉంటాయి."

కెజియా లేచి తన పీట తెచ్చి ఆయన వెనక వేసింది.

ఆయన వద్దనలేదు.