వణుకురేవు తల్లి చరిత్ర

శబరి నది ఎడమ గట్టున పడవ దిగగానే, వెదురు తడికల పందిరి కింద పసుపు పూసిన నిలువు రాయి కనిపిస్తుంది. ఈమెయే వణుకురేవు తల్లి. నది పొంగిన ప్రతి ఏడూ పందిరి కొట్టుకుపోతుంది. వరద తీయగానే కొండరెడ్లు మళ్లీ కట్టుకుంటారు. చలితో ఒళ్లు ఊపేసే మన్యపు జ్వరం ఈ తల్లి ఆధీనమని ఇక్కడివారి నమ్మకం.

పూర్వం ఈ రేవు పైనున్న పల్లెలో ముత్యాలరెడ్డి అనే వెదురు కొట్టే కొండరెడ్డి ఉండేవాడు. పల్లపు వర్తకులు వచ్చిన పది రోజులకే జ్వరపడి పోవడం చూసి, పల్లెవారు "మనం కొండ బిడ్డలం, మనకు జొరం రాదు" అని గొప్పగా చెప్పుకొనేవారు. అతని చెల్లెలు పండమ్మ పెళ్లాడి పల్లపు సీమకు వెళ్లింది. ఏడేండ్లకు భర్తను పోగొట్టుకొని, ఐదు నెలల కడుపుతో పుట్టింటికి తిరిగి వచ్చింది.

వచ్చిన సాయంత్రమే ఆమె మంచం పక్కన వేపాకు పొగ వేసుకుంది.

"ఈడ పుట్టినదానివి, నీకెందుకే పొగ? నలుగురూ నవ్వుతారు" అంటూ ముత్యాలరెడ్డి ఆ నిప్పు ఆర్పివేశాడు.

పన్నెండవ నాడు పండమ్మకు వణుకు పుట్టింది. మూడు దుప్పట్లు కప్పినా ఆగలేదు. "ఎవరో నన్ను పట్టుకుని ఊపుతున్నారన్నా" అని ఆమె కలవరించింది. పెద్దలు చూసి, "ఇది పల్లపుదై పోయింది. కొండ దీన్ని ఒల్లనంటోంది. పడవెక్కించు" అన్నారు. అన్న ఒప్పుకోలేదు. కూర్చోలేక, నిలవలేక మూడు రోజులు ఇంటికీ ఏటికీ మధ్య తిరిగాడు. మూడవనాటి మధ్యాహ్నం రేవులోని ఒక రాతికి ఆనుకొని సోలిపోయాడు.

కలలో ఒక ముసలి స్త్రీ, కాలు నిలపకుండా అటూ ఇటూ కదులుతూ కనిపించింది.

"మీకు జొరం రాదని ఎవర్రా చెప్పింది? నీకు ముందు నీ తల్లి ముగ్గుర్ని మట్టిలో పెట్టలేదా? బతికినవాళ్లు నాతో పెనుగులాడి పెనుగులాడి నాకు అలవాటయ్యారు, అంతే. నీ చెల్లెలు ఏడేళ్లు నా కంట పడలేదు. నేను మరిచిపోయాను."

"ఇప్పుడేం చెయ్యను తల్లీ?"

"అది మళ్లీ పురిటిబిడ్డే. బిడ్డను కాచినట్టు కాయి."

ముత్యాలరెడ్డి ఉలిక్కిపడి లేచాడు. ఆ రాతి పక్కనే పాక వేసి, చుట్టూ చీరలు కట్టి, పొగ ఆరనీయక, నేలవేము కషాయం తాగిస్తూ నలభై రోజులు చెల్లెలిని కనిపెట్టుకొని ఉన్నాడు. పండమ్మ దక్కింది. కడుపులోని బిడ్డ దక్కలేదు. అతడు పల్లె నడుమ నిలబడి, "దాని పొగ ఆర్పింది నేనే" అని అందరి ఎదుటా ఏడ్చాడు. ఆనాడే ఆ రాతికి పసుపు పూశారు. రేవుకు ఈ పేరు వచ్చింది.

నేటికీ హాస్టలు చదువుల నుండి, మిరప కోతల నుండి, ఎంతో కాలానికి ఊరు చేరేవారు ముందుగా ఈ రేవు పాకలోనే దిగుతారు. దోమతెర కింద పడుకొని, ఆరోగ్య కార్యకర్తకు వేలి నెత్తురు చుక్క ఇచ్చిన తరువాతే కొబ్బరికాయ కొడతారు. గర్భిణులకు దోమతెరనే వాయనంగా ఇస్తారు. తల్లి ఎదుట ప్రతివారూ "నాకూ వస్తుంది తల్లీ, కాచుకో" అని పైకి చెప్పుకోవాలి. ఆ మాట చెప్పుకొన్న ఇంట పసివాళ్లు చల్లగా ఎదుగుతారని పెద్దలంటారు. డెబ్బై ఏండ్లుగా మన్యం విడిచిపోని పూజారి సన్యాసిరెడ్డి రోజూ అందరికన్నా ముందు తానే ఆ మాట చెబుతాడు.