మానుగుట్ట మానమ్మకు చెంబెడు నీళ్లు

ప్రాణహిత నదికి పడమట, ఎర్రమట్టి దారి ముగిసేచోట మానుగుట్ట ఉన్నది. ఇక్కడ గర్భగుడి లేదు, విగ్రహం లేదు. ఆకాశం కింద పడుకున్న రాతిమానులే, అంటే ఏనాడో రాయిగా మారిన చెట్ల బోదెలే, మానమ్మ తల్లి స్వరూపం. బెరడు గీతలు, కొమ్మ విరిగిన కణుపులు నేటికీ చేతికి తగులుతాయి.

పూర్వం ఇక్కడ గొర్రెలు కాచుకునే కురుమ ఇల్లాలు ఒకతె పడి ఉన్న మానును వంటచెరకు కోసం కొట్టబోగా గొడ్డలి ఖంగుమని నిప్పురవ్వలు లేచాయట. బెదిరి, అలసి, ఆ పక్కనే కునుకు తీసిన ఆమెకు కలలో తల్లి కనిపించి, "నేను చెట్టునే బిడ్డా. అలిసి పడుకున్న. నన్ను నరకకుండ్రి" అని పలికిందట. నాటి నుండి ఆ ఇంటి ఆడవారే ఇక్కడ పూజారులు.

నీళ్లు పోసే ఆచారం మాత్రం మన పెద్దలెరిగిన కాలంలోనే, తిరునగరి వకుళ వల్ల మొదలైంది. ఆమె రాయిగా మారిన చెట్లను పరిశోధించే శాస్త్రవేత్త. తొలిసారి ఉలి, సుత్తితో వచ్చినప్పుడు పూజారి మల్కవ్వ అడ్డం నిలబడింది.

"తల్లి మీద ఉలి పెడతవా?"

వకుళ సిగ్గుపడి ఉలిని సంచిలో పెట్టేసింది. వాగులో కొట్టుకొచ్చిన చిన్న పెచ్చును మాత్రం అడిగి తీసుకుపోయింది. దానిని వెలుతురు దూరేంత పలుచగా అరగదీసి, మరుసటి ఏడు సూక్ష్మదర్శినితో సహా గుట్టకు మోసుకొచ్చింది. మల్కవ్వ ఒక కన్ను మూసి అందులోకి చూసింది. సన్నని గదులు బారులు తీరి కనిపించాయి.

"ఇవన్ని ఏంది బిడ్డా?"

"వేరు నుండి కొమ్మకు నీళ్లు ఎక్కిన దారులవ్వా. ఇక్కడ చూడు, ఎంత ఇరుకుగా ఉన్నాయో. ఆ ఏడు వానలు లేక చెట్టుకు నీళ్లు చాలలేదు."

మల్కవ్వ లేచి, తాను తాగడానికి తెచ్చుకున్న నీళ్లను రాతిమాను మీద పోసింది. "ఎన్నొద్దుల సంది దూపతోని ఉన్నవే తల్లీ!" అని కళ్లు తుడుచుకుంది. తడిసిన రాతిలో, చెట్టు ఏటికొకటిగా పెంచుకున్న వలయాలు నిగనిగలాడాయి. ఇన్నేళ్లూ వలయాలను కొలిచిన వకుళ, ఒక చెట్టు కోసం ఏడ్చింది ఆనాడే.

కొన్నేళ్లకు ఒక గుత్తేదారు కంకర కోసం గుట్టను పగలగొట్టడానికి అనుమతి తెచ్చుకున్నాడు. వకుళ పనిచేసే సంస్థ పెద్దలు అన్నిటికన్నా పెద్ద మానును నగరానికి తరలించి, ఆమె పేరిట ప్రదర్శనశాల కడతామన్నారు. మిగిలినవాటి మీద ఆశ వదులుకోమన్నారు. అటువంటి ప్రదర్శనశాల ఆమె చిరకాలపు కోరిక. అయినా, "ఒక్క వానకు తడిసిన చెట్లివి. వీటిని విడదీసి నేను పేరు తెచ్చుకోలేను" అని కొలువు మానుకుంది. మల్కవ్వ ఇంటనే ఉంటూ కచేరీల చుట్టూ, న్యాయస్థానం చుట్టూ తిరిగింది. తుదకు అనుమతి రద్దయి, గుట్ట రక్షిత స్థలమైంది. అప్పటికే తూర్పు కొసన ఉన్న మానులు కంకరైపోయాయి. వాటి మాట వస్తే కడదాకా వకుళ లేచి ఆ కొసకు నడిచేది.

ఇప్పటికీ రోహిణి కార్తె ఎండల్లో భక్తులు ఇంటి నుండి చెంబెడు నీళ్లు తెచ్చి రాతిమానుల మీద పోస్తారు. చిన్న పెచ్చునైనా వెంట తీసుకుపోరు. మొదటి దోసిలి మాత్రం తూర్పు కొసన, మానులు లేని వట్టి నేల మీద విడుస్తారు. అలా విడిచినవారి ఇంట బావి ఎండదని, దాహమని వచ్చినవారెవరూ ఆ గడప నుండి ఎండిన గొంతుతో మరలరని మానమ్మ దీవెన.