సన్నాయి భాష తెలిసిన ఎద్దు

ఈ భూప్రపంచంలో సంగీతాన్ని మాటల్లోకి విడమరిచి చెప్పగల పండితుడు ఒక్కడే ఉన్నాడు, వాడు గంగిరెద్దు సింగారయ్య. భూప్రపంచమంటే మరీ ఎక్కువేమో గానీ, చెరుకుతోట పక్కనున్న ఆ పశువుల పాకలో మాత్రం ఒక్కడే. మిగతావన్నీ కోళ్లు.

వానాకాలం ఊళ్లు తిరిగే పని లేదు. పాకలో నెమరు వేసుకుంటూ, "సంగీతమూ ఒక భాషేనర్రా! సన్నాయి ప్రశ్న వేస్తుంది, నేను తల ఊపి జవాబిస్తాను" అనేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, కోళ్లు నోళ్లు తెరుచుకు వినేవి.

ఇంతలో ఒక నక్క రోజూ పొద్దువాలే వేళ తోట గట్టు మీద కూర్చుని తీయగా రాగం ఎత్తుకోసాగింది.

"ఆ పాటలో ఏముంది మావా?" అంది ముసలి పెట్ట గున్నమ్మ. "వింటే నా ఈకలు నిక్కబొడుచుకుంటున్నాయి. కాళ్లు పిల్లల వైపు పరుగెడుతున్నాయి."

"ఈకలకు వ్యాకరణం తెలుసా గున్నమ్మా!" అని నవ్వాడు సింగారయ్య. ఆ రాగం అతనికీ ఒక్క ముక్క తలకెక్కలేదు. కానీ పండితుడన్నాక తెలీదంటే పరువుంటుందా?

పుంజు వీర్రాజు రొమ్ము విరిచాడు. "రేపు నువ్వే విని చెప్పు మావా. మంచి మాటే అయితే గూటి గడియ నేనే తీస్తా. ఇక గింజ గింజకీ నక్క భయంతో వణకక్కర్లేదు."

నక్క వింది. వినదూ మరి! మర్నాడు పాక ముందుకే వచ్చి, కళ్లు మూసుకుని పాడి, వినయంగా అడిగింది: "పండితులవారూ, మాంసం మానేశాను, కోళ్లు నా తోబుట్టువులు అనేగా నా రాగం చెప్పింది? తమకి నేను విప్పి చెప్పాలా!"

అందరి కళ్లూ సింగారయ్య మీదే. ఠీవిగా తల ఊపాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

గున్నమ్మ పిల్లల్ని తోలుకుని గడ్డిమేటు సందులో దూరింది. వీర్రాజు మాత్రం గడియ ఎత్తి, "రండి అన్నయ్యా" అన్నాడు. మరుక్షణం వాడే సింగారయ్య వీపు మీదికెక్కి కెవ్వుమన్నాడు. తోక ఈకలన్నీ నక్క నోట్లో ఉన్నాయి. నక్క తోటలో ఉంది.

గున్నమ్మ సందులోంచి తల బయటపెట్టింది. "తల ఊపినవాడల్లా పాట విన్నవాడు కాదు మావా. నిజం చెప్పు, సన్నాయి అడిగేది నీకెలా తెలిసేది?"

సింగారయ్య కుడితి తొట్టి వైపు తిరిగి అన్నాడు:

"తెలిసేది కాదమ్మా. పాట అయ్యీ అవ్వగానే మా ఆసామి ముకుతాడు గుంజేవాడు. నొప్పికి ఊపేవాణ్ణి."