బేరింగు వెనకాల ఖాళీ

నూకయ్య గురువుగారు ఆదివారంనాడు ఉపదేశం చెప్పరు. గౌతమీ పాయ ఒడ్డున గాలం వేసుకుని కూర్చుంటారు. ఏదైనా అడగాలన్నవాడు అక్కడికే వెళ్ళి, చేపలు బెదరకుండా మెల్లగా అడగాలి. చేపలు పట్టే గురువేమిటని నవ్వేవాళ్ళు లేకపోలేదు గానీ, ఆయన శిష్యుల్లో సగంమంది పల్లెకారులే గనక ఆ మాట అక్కడ చెల్లేది కాదు.

ఆ ఆదివారం ధర్మారావు పొద్దున్నే మొహం మాడ్చుకుని వచ్చాడు. అతని అన్న గంగరాజు కొత్త పడవ కట్టించి, మధ్యాహ్నం ఏట్లోకి దించుతున్నాడు. తమ్ముడు చెయ్యి వేస్తే గాని దించనని కబురు పెట్టాడు. వెళ్ళాలనే ఉంది ధర్మారావుకి. కానీ అమ్మ పోయినప్పుడు ఇదే అన్న కబురు ఆలస్యంగా పంపాడు. ఇతను పరుగున వచ్చేసరికి అంతా అయిపోయింది, కడచూపు దక్కలేదు. ఆ కోపం జపానికి పోలేదు, ఉపవాసానికీ పోలేదు. దాన్ని కడుపులో పెట్టుకుని పైకి నవ్వడం అతని వల్ల కాదు. ఇవాళ వెళ్ళకపోతే మాత్రం ఇంక ఆ గడప తొక్కే మొహం ఉండదు.

"అన్నమీది కోపాన్ని పీకి పారేద్దామని చూస్తున్నాను గురువుగారూ. పీకేకొద్దీ బిగుసుకుంటోంది. ఏం చెయ్యమంటారు?"

గురువుగారు ఒళ్ళో విప్పి పెట్టుకున్న గాలం రీలు అతని చేతిలో పెట్టారు. ఉప్పునీళ్ళు తగిలి లోపలి బేరింగు తుప్పుపట్టి, దాని గుంటలో అది బిగుసుకుపోయింది. ముందు దీని సంగతి చూడు, నీ సంగతి తరవాత చూద్దామన్నారు.

ధర్మారావు అసలే పంతం మనిషి. బేరింగు మధ్య బెజ్జంలోకి గాలపు కొక్కెం దూర్చి లాగాడు. కొక్కెం సాగిపోయింది. తీగ మెలిపెట్టి లాగాడు, అది తెగింది. స్క్రూడ్రైవరుతో ఎత్తబోతే జారి బొటనవేలికి గుచ్చుకుంది. అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా బేరింగు ఉన్నచోటే ఉంది.

అప్పుడు గురువుగారు డబ్బాలోని ఎర పిండి ముద్ద తీసి, ఆ బెజ్జంలోంచి లోపలికి కూరమన్నారు. వెనకాల గుంటంతా పిండితో నిండింది. నోట్లోని వేపపుల్లని బెజ్జానికి బిర్రుగా పట్టేలా చెక్కి ఇచ్చి, ఇక కొట్టమన్నారు. ఆ బురద ఒడ్డున రాయన్నది దొరకదు. ఆయన తన కాలి చెక్క పాంకోడు విప్పి అందించారు.

ధర్మారావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గురువారం గురువారం తను పువ్వులు పెట్టి మొక్కే పాంకోడు అది.

"పువ్వులు పెట్టించుకుని ఇన్నాళ్ళూ ఊరికే కూర్చుంది. ఇవాళైనా కాస్త పని చెయ్యనీరా," అన్నారాయన.

కళ్ళకద్దుకుని మరీ కొట్టాడు. పుల్ల లోపలికి దిగింది. మళ్ళీ పిండి కూరాడు, మళ్ళీ కొట్టాడు. పోయే దారిలేని పిండి వెనకనించి తోసేసరికి బేరింగు వెంట్రుకవాసి పైకి లేచింది. ఇంకాస్త పిండి, ఇంకో దెబ్బ. పిండితో సహా బేరింగు ఊడి అతని అరచేతిలో పడింది. చేపల మాట మరిచిపోయి పకపకా నవ్వాడు ధర్మారావు. లాగకుండానే వచ్చేసిందేమిటండీ అని ఆశ్చర్యపోయాడు.

గురువుగారు మిగిలిన పిండి చేపలకి విసిరారు.

"మీ అమ్మ ఆఖరి రోజుల్లో ఏం తిందో, ఏం మాట్లాడిందో మీ అన్నని ఎప్పుడైనా అడిగావట్రా?"

ధర్మారావు నవ్వు ఆగిపోయింది. అడగలేదు. తన కోపం వెనకాల ఉన్న ఖాళీ అదే. దగ్గరుండి చూసినవాడు అన్న ఒక్కడే, ఆ ఒక్కడితోనే తను ఇన్నాళ్ళూ మాట్లాడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖంగానూ ఉంది, ఎందుకో తేలిగ్గానూ ఉంది. గబుక్కున లేచి, అన్న పడవ దించే చోటికని గట్టెక్కాడు.

వెనకనించి గురువుగారు కేకేశారు.

"ఆ పాంకోడు ఇచ్చి పోరా. అక్కడ కొట్టే పనుండదు."