కళ్లకద్దుకున్న బన్ను

మౌలాబీకి ఏమీ పాలుపోలేదు. అదే పిండి, అదే కూర, అదే చెయ్యి. గురువారం దర్గా దగ్గర పంచితే ఆమె బన్నుల కోసం జనం ఎగబడతారు. తక్కిన రోజుల్లో ఇంటి ముందు బల్ల మీద పెడితే, ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ ఆ వీధి మొహం చూడరు. ఇదెక్కడి చోద్యమో మీరే చెప్పండి.

అసలు బంగాళాదుంప కూర కూరిన బన్నులు చేసి అమ్మాలన్న ఆలోచన దర్గా దగ్గరే పుట్టింది. ఒక గురువారం పీరు పేర ఫాతిహా చదివించి అందరికీ పంచింది. తీసుకున్న ప్రతివాళ్లూ కళ్లకద్దుకుని తిన్నారు. అమృతంలా ఉందమ్మా, అమ్మకానికి పెట్టకూడదా అన్నారు. ఆ మాట పట్టుకుని, ఇన్నాళ్లూ ఇంటిల్లిపాదికీ కూడు పెట్టిన కుట్టుమిషను అమ్మేసి ఓవెన్ తెచ్చుకుంది మహాతల్లి. ఇప్పుడు మిషనూ లేదు, బన్నులూ కదలడం లేదు.

ఎదురింటావిడ దిష్టి తగిలిందంది. తమ్ముడు కూర మార్చి చూడమన్నాడు. గుడ్డు పెట్టింది, కైమా పెట్టింది, కొబ్బరి పెట్టింది. ఏం పెట్టినా అంతే సంగతులు. పిల్లలు ముక్కు విరిస్తే, పీరు చలవతో మొదలైన పని, వంకలు పెట్టకండని కసిరింది.

చివరికి బుడే తాత దగ్గరికి వెళ్లింది. దర్గా చూసుకునే ముసలాయన, ఆమెకి గురువు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం ఆయన ఒంట్లోనే లేదు. దిష్టికి తాయెత్తు కట్టి ఇమ్మని మౌలాబీ బతిమాలింది. తాయెత్తు సంగతి ఎత్తకుండా ఆయన చెప్పులు తొడుక్కుని ఆమె వెంట ఇంటికొచ్చాడు.

బల్ల ముందు కూర్చుని, పళ్లెంలోంచి ఒక బన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అలవాటుగా బిస్మిల్లా అని దాన్ని కళ్ల దగ్గరికి తీసుకుపోయింది. తాత ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కళ్లకద్దుకోకు. తిను."

ఆమె తటపటాయించింది. వాళ్లమ్మ నాటి నుంచీ పీరుకి వండేటప్పుడు ఎవరూ రుచి చూడరు, ఎంగిలవుతుందని. ఆ పద్ధతే చేతికి పట్టేసి, అమ్మే బన్నులు కూడా రుచి చూడకుండానే చేసేది. మిగిలినవి తిన్నా భక్తిగా కళ్లకద్దుకునే తినేది. ఇక రుచి ఏం తెలుస్తుంది పాపం!

ఇప్పుడు కొరికింది. పైన బాగానే ఉంది. లోపల, కూర చెమ్మకి పిండి పచ్చిగా జిగటగా ఉండిపోయి పళ్లకి అంటుకుంది. సిగ్గుతో మింగేసింది. వెంటనే కోపం వచ్చింది.

"మరి మీరు వారం వారం తిన్నారు కదా తాతా. ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వు పీరు పేర పెట్టావు," అన్నాడు తాత. "నేను ఆ పేరే తిన్నాను తల్లీ."

అని లేచి చక్కా పోయాడు. అయితే జనం పొగిడింది అబద్ధమా, నిజమా? మౌలాబీకి ఎటూ తేలలేదు. బుర్ర మరింత తిరిగిపోయింది. తేలినా తేలకపోయినా చేతులు ఊరుకోవు కదా. కూర బాగా ఆరనిచ్చింది. ఉండలు చిన్నవి చేసింది. ఇంకాసేపు కాల్చింది. ప్రతి వాయికీ ఒకటి విరిచి, మొహం చిట్లించుకుంటూ తిని చూసింది.

గురువారం పీరు బన్నుల పళ్లెం దర్గా లోపల పెట్టి, సంచిలోంచి విడిగా ఇంకో బన్ను తీసి తాతకిచ్చింది. ఆయన రెండు చేతులా అందుకుని కళ్ల దాకా ఎత్తాడు.

"అది పీరుది కాదు తాతా. బల్ల మీదిది," అంది మౌలాబీ.

తాత చేతులు దించాడు. ఆమెని ఎగాదిగా చూసి, కొరికి, నెమ్మదిగా నమిలాడు.

"ఉప్పు చాల్లేదు," అన్నాడు.

ఎన్ని పొగడ్తలకీ రానంత సంతోషం వచ్చిందామెకి.