కాటుకమ్మ బడిలో కామా

వాగొడ్డుపల్లెలో పిల్లల బడికీ, ఒక రైతు పశువుల పాకకీ మధ్య ఒకటే గోడ. గోడకి ఇవతల కట్టేసి ఉండే గేదె పేరు కాటుకమ్మ. అవతల పంతులుగారు చెప్పే పాఠాలు ఇవతల నెమరు వేస్తూ వినీ వినీ ఆవిడకి అయిదో తరగతి దాకా చదువు వచ్చేసింది. ఆ బడిలో ఆరో తరగతి లేదు కాబట్టి ఆవిడ చదువూ అక్కడితో ఆగింది.

వచ్చిన చదువు ఊరికే పోనివ్వడమెందుకని పెరట్లోని కోడిపిల్లలకీ, బాతుపిల్లలకీ మధ్యాహ్నంపూట నాలుగు ముక్కలు చెప్పేది. ఆవిడ చెబితే వాళ్ళు దుమ్ములో గోళ్ళతో గీకి రాసేవాళ్ళు. పిల్లల దగ్గర గలగలా మాట్లాడేది గానీ, పెద్దవాళ్ళెవరైనా వచ్చి నిలబడితే చాలు, చెవులు వాల్చేసి తొట్టిలో తల దూర్చేసేది. అంత సిగ్గు.

ఆ వారం పాఠం కామా.

"పంతులమ్మా, ఈ చుక్కకి తోకెందుకొచ్చింది?" అని అడిగింది గింజి అనే కోడిపిల్ల.

"మీ అమ్మ నీళ్ళెలా తాగుతుందో చెప్పు, తర్వాత చెబుతా."

"ముక్కు ముంచుతుంది, తల పైకెత్తుతుంది, మింగుతుంది, మళ్ళీ ముంచుతుంది."

"ఆ తల ఎత్తడమే కామా. ఆగాలి, ఊపిరి పీల్చాలి, చుట్టూ ఓసారి చూడాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. దాహం తీరాక మూకుడు వదిలేసి వెళ్ళిపోతుంది చూడు, అది చుక్క."

పిల్లలందరికీ అర్థమైంది. బుంగ అనే బాతుపిల్లకి మరీ ఎక్కువ అర్థమైంది. వాడు రాసింది లేచి చదివాడు.

"నేను, పొద్దున్నే, వాగులో, ఒక, మునక, వేశాను,"

"ఓరి నాయనా! ఒక్క మునక్కి ఆరుసార్లు గట్టెక్కావా?" అంది కాటుకమ్మ. పిల్లలు కిందపడి దొర్లారు. "కాలు నొప్పెట్టిన చోటల్లా ఆగకూడదురా. మాట మలుపు తిరిగే చోట ఆగాలి. జొన్నలు, రాగులు, కొర్రలు అని వరసగా చెప్పేటప్పుడు ఒక గింజ మింగాక ఇంకో గింజ, అక్కడా ఆగాలి. అంతే."

సరిగ్గా అప్పుడే కంచె సందులోంచి ఒక నక్క వచ్చింది. మెడలో పాత తువ్వాలు, చంకలో పకోడీలు కట్టిన కాగితాల కట్ట.

"నమస్కారం! నన్ను నాగలింగం పంతులంటారు. మా బడిలో పిల్లలు గుక్క తిప్పుకోకుండా పేజీకి పేజీ చదివేస్తారు. ఇక్కడేమిటి, మూడు మాటలకోసారి తలెత్తి దిక్కులు చూస్తున్నారు?"

పెరటికి పెద్ద వీరాస్వామి. ఎర్రటి జుట్టున్న కోడిపుంజు. వేగం అన్న మాట వింటే చాలు, అతనికి రెక్కలు విచ్చుకుంటాయి.

"అయితే ఒక పాఠం చెప్పి చూపించండి పంతులుగారూ," అన్నాడు.

నక్క పిల్లల్ని వరసగా నిలబెట్టింది. "తలలు దించండి. ఆగకూడదు, తలెత్తకూడదు. తలెత్తినవాడు ఓడినట్టు. ఊఁ, కానివ్వండి!"

పిల్లలు దుమ్ములో రాసుకున్నది గడగడా చదవడం మొదలుపెట్టారు. వీరాస్వామి కళ్ళు మూసుకుని ఆ వేగానికి తల ఊపుతున్నాడు. నక్క మెల్లిగా వరస చివరికి నడిచింది. చివర్లో గింజి. అలవాటు పోక అది ఒక కామా దగ్గర ఆగి తలెత్తింది. ఎదురుగా తెరిచిన నోరు, లోపల రెండు వరసల పళ్ళు!

"కీచ్!"

నక్క తటాలున నోటికి కాలు అడ్డం పెట్టుకుంది. "ఆవులింతమ్మా, ఆవులింత. మీ పాత పాఠాలు వింటే నిద్రొస్తోంది."

కళ్ళు తెరిచిన వీరాస్వామి గింజినే కసిరాడు. "తలెత్తి ఓడిపోయావు, పైగా అరుపొకటా!"

కాటుకమ్మ అంతా చూసింది. చెప్పాలని నోరు తెరిచింది. అందరూ ఆవిడకేసి తిరిగారు. అంతే, చెవులు వాలిపోయాయి. ఎలాగో కూడదీసుకుని, "అది... ఆవులింత కాదు వీరాస్వామీ," అంది.

"మీకు అసూయ పంతులమ్మా," అన్నాడు వీరాస్వామి. "రేపు మధ్యాహ్నం నుంచి మన పిల్లలకి నాగలింగంగారి బడే."

"మా బడి వాగు పక్క పొదల్లో," అంది నక్క మూతి నాక్కుంటూ. "చల్లగా ఉంటుంది. ఎవరూ వచ్చి గోల చెయ్యరు. పదకొండు మందీ వస్తారుగా? ఒక్కరు కూడా తగ్గకూడదు సుమా!"

పదకొండు మంది. కాటుకమ్మకి మేత సయించలేదు. కంచె దాటి పిల్లలు వెళ్ళారంటే మళ్ళీ రారని ఆవిడకొక్కదానికే తెలుసు. చెబితే వినేవాళ్ళు లేరు. గడ్డివాము వెనక భైరిగాడనే ముసలి కుక్క ఉన్నాడు గానీ, మధ్యాహ్నం అన్నం తిని రోజూ పడుకునే ఆ చోట పడుకున్నాడంటే పిడుగు పడ్డా లేవడు. మీసానికి ఏదన్నా తగిలితే మాత్రం ఆగడు.

ఆ మీసం గుర్తొచ్చాక కాటుకమ్మకి మళ్ళీ నెమరు ఆడింది.

మర్నాడు రైతు పొలానికి వెళ్ళగానే పిల్లల్ని పిలిచింది. "ఒక్కటే వాక్యం. నా గిట్టంత అక్షరాలు రాయాలి. ఈ కుడితి తొట్టి దగ్గర మొదలుపెట్టి, నేను చెప్పిన చోటిదాకా. కామాలు మాత్రం ఒక్కటీ వదలొద్దు. మోసం చేశామన్న మాట మనకి రాకూడదు."

పిల్లలు కిచకిచా నవ్వుకుంటూ పెరడంతా గీకారు.

మధ్యాహ్నం నక్క తువ్వాలు సర్దుకుంటూ వచ్చింది. "ఏరీ నా శిష్యులు? పదండి, పొద్దు వాలకముందే పోదాం."

కాటుకమ్మ ముందుకొచ్చింది. కోళ్ళూ, బాతులూ అందరూ చూస్తున్నారు. గింజి ఆవిడ గిట్ట పక్కన ఒత్తుకుని నిలబడింది. కాటుకమ్మ ఒక్క క్షణం ఆగింది, ఊపిరి పీల్చింది, మొదలుపెట్టింది.

"పంతులుగారూ, నాది అయిదో తరగతి చదువు. తమలా గుక్కతిప్పుకోకుండా చదవడం నాకెప్పటికి వస్తుంది? వెళ్ళేముందు ఒక్కసారి ఈ వాక్యం చదివి వినిపిస్తే మేమూ విని నేర్చుకుంటాం."

"భలే అడిగారు!" అన్నాడు వీరాస్వామి. "కానివ్వండి పంతులుగారూ, తల ఎత్తకుండా!"

అంతమంది ముందు కాదనడం ఎలా? పైగా పొగడ్త నక్కకి పకోడీ కన్నా ఇష్టం. ముక్కు నేలకి ఆనించి అందుకుంది.

"ఒకనక్కపంతులు కుడితితొట్టి పక్కనుంచి బయల్దేరి పేడకుప్ప చుట్టూతిరిగి..."

కామాలన్నీ కాళ్ళకింద తొక్కేస్తూ పేడకుప్ప చుట్టూ తిరిగింది. కళ్ళు అక్షరాల వెంట పరుగెడుతున్నాయి, అర్థం మాత్రం ఎక్కడో వెనకబడిపోయింది.

"ఆహా, ఏమి వేగం!" అన్నాడు వీరాస్వామి వెనకాలే పరుగెత్తుతూ.

"...కట్టెలమోపు దాటి గడ్డివాము వెనక్కివచ్చి తలెత్తకుండా నడిచి అక్కడ పడుకున్న భైరిగాడి మీసందాకా వచ్చి..."

అక్కడ నక్క ముక్కుకి మెత్తగా ఏదో తగిలింది.

"మీసం?" అంది నక్క. అప్పుడు తలెత్తింది.

భైరిగాడు కన్ను తెరిచాడు. "ఎవడ్రా అది?"

తర్వాత జరిగింది చదవడానికి ఎవరికీ గుక్క చాల్లేదు. కట్టెలమోపు కూలింది, పేడకుప్ప ఎగిరింది, వీరాస్వామి కుడితి తొట్టిలో పడ్డాడు. తువ్వాలూ, పకోడీ కాగితాలూ, తోక చివరి పిడికెడు వెంట్రుకలూ పెరట్లో వదిలేసి, నాగలింగం పంతులు కంచెలోంచి దూరి పొదలవైపు పోయాడు. ఈసారి దారిలో మూడుసార్లు ఆగి, తలెత్తి, వెనక్కి చూసుకున్నాడు.

"చూశారా," అన్నాడు బుంగ, "కామాలు పెట్టడం ఇప్పుడొచ్చింది!"

కుడితి కారుతున్న జుట్టుతో వీరాస్వామి వచ్చి కాటుకమ్మ ముందు నిలబడ్డాడు. "పంతులమ్మా, అది ఆవులింత కాదని మీరు చెప్పారు. నేనే..." అని ఆగాడు.

"ఆగారుగా, చాలు," అంది కాటుకమ్మ. "రేపటి నుంచి మీరూ వచ్చి కూర్చోండి. ముందు వరసలో."

అంతలో గింజి దుమ్ములో పడున్న నక్క వెంట్రుకల కుచ్చు ముక్కున కరుచుకొచ్చింది. ఒక పక్క గుండ్రంగా, ఒక పక్క వంకర తోకలా ఉంది. పాక గోడకి పేడతో అతికించి వెనక్కి జరిగి చూసింది.

"పంతులమ్మా, కామా!"

పెరడంతా నవ్వింది. ఏం జరిగిందో తెలియకపోయినా భైరిగాడూ నవ్వి మళ్ళీ పడుకున్నాడు. పెద్దవాళ్ళంతా చుట్టూ ఉన్నా, ఆ రోజు కాటుకమ్మ తొట్టిలో తల దాచుకోలేదు.

నీతి: ఆగవలసిన చోట ఆగి, తలెత్తి చూసినవాడే చివరిదాకా క్షేమంగా చేరతాడు.