మానెడు బియ్యం బడి

ముత్యాలరేవు అనే ఒకానొక రాజ్యాన్ని ఉత్తుంగవర్మ అనే రాజు ఏలుతూ ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, ఖరీదైనదే గొప్పదని ఆయనకో గట్టి నమ్మకం. మామిడిపండు తిన్నా ముందు ధర అడిగి, ఆ తర్వాతే తియ్యగా ఉందో లేదో చెప్పేవాడు.

ఆయన రాజధానిలో రెండు బళ్ళు ఉండేవి. ఒకటి ఆస్థాన పండితుడు దిగ్గజాచార్యులవారిది. పిల్లవాడికి నెలకు బంగారు వరహా జీతం కట్టాలి. రెండోది వరహాలమ్మది. పాపం, పేరులో తప్ప ఆమె దగ్గర వరహాలు లేవు. ఓడ వర్తకుడైన భర్తతో సముద్రాలు దాటి, అమెరికా అనే దేశంలో ఆరేళ్ళుండి, అక్కడ పసిపిల్లలకు చదువు చెప్పే తీరు నేర్చుకుని వచ్చింది. రేవు పక్కన పాత వలల కొట్టంలో అదే పద్ధతిలో బడి పెట్టింది. అక్కడ జీతం నెలకు మానెడు బియ్యం.

ఒకనాడు దిగ్గజాచార్యులు సభలో లేచాడు. "మహారాజా! మానెడు బియ్యానికి అమెరికా చదువట! ఆ పిల్లలు పాఠం వల్లె వెయ్యరు. తిరిగి పంతులమ్మకే ప్రశ్నలు వేస్తారు. రాజ్యానికే తలవంపులు కదా!"

రాజుగారికి అమెరికా ఎక్కడుందో తెలియదు గానీ, మానెడు బియ్యం ఖరీదు బాగా తెలుసు. వెంటనే విదూషకుడు కొండుభట్టును పిలిచాడు.

"కొండుభట్టూ, ఆ బడి ఎలాంటిదో విచారించి రా. పనికిరాదని తేలగానే తాళం వేయిస్తాను."

"పనికొస్తుందని తేలితే, ప్రభూ?"

"మానెడు బియ్యానికా? ఎలా తేలుతుందయ్యా!"

సభ అంతా నవ్వింది. కొండుభట్టుకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన మనవరాలు భ్రమర చదివేది ఆ బడిలోనే. అంతకుముందు ఆచార్యులవారి బడిలో "ఎందుకు?" అన్న పాపానికి బెత్తం దెబ్బ తిని, ఆ పిల్ల మాటే మానేసింది. ఏడాదిపాటు అన్నం కావాలన్నా చెయ్యే చాపింది. వరహాలమ్మ బడిలో చేరిన నలభయ్యో రోజున ఇంటికొచ్చి, "తాతా, ఓడ ఎందుకు మునగదు?" అని అడిగింది. అందరినీ నవ్వించే కొండుభట్టు ఆవేళ గడపమీద కూలబడి పసివాడిలా ఏడ్చాడు. ఇప్పుడు ఆ బడికి తాళం పడితే ఈ పిల్ల నోటికీ మళ్ళీ తాళం పడుతుంది.

అయినా రాజాజ్ఞ కదా, వెళ్ళి చూశాడు. కొట్టం నిండా చేపల వాసన. చూరు ఒకచోట కారుతోంది. పిల్లలు ఆ కారే నీటినే చెంబులో పట్టి, చింతగింజ మునుగుతుందా, బెండుముక్క మునుగుతుందా అని తగవులాడుకుంటున్నారు. వరహాలమ్మ ఎవరినీ కసరడం లేదు, వింటోంది. కొండుభట్టు ఆమెకు మనసులోనే దణ్ణం పెట్టుకుని సభకు తిరిగొచ్చాడు.

"ప్రభూ, ఒక్క బడినే చూసి ఎలా తేల్చను? రెండు బళ్ళ పిల్లలనూ సభకు పిలిపించండి. అందరికీ ఒకే పాఠం నేనే చెబుతాను. తమ బిరుదులే పాఠం."

తన బిరుదులనేసరికి రాజుగారి ముఖం వికసించింది. "భేష్! అలాగే కానీ!"

మర్నాడు ముందుగా ఆచార్యులవారి పిల్లలు ఇరవై మంది చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. కొండుభట్టు గొంతు సవరించుకున్నాడు.

"రాజాధిరాజ!"

"రాజాధిరాజ!" అన్నారు ఇరవై మందీ.

"రాజమార్తాండ!"

"రాజమార్తాండ!"

దిగ్గజాచార్యులు మీసం దువ్వుకున్నాడు. కొండుభట్టు సింహాసనం వైపు చూసి, తనలో తాను అనుకున్నట్టు, "అయ్యో, కిరీటం వంకరగా ఉందే!" అన్నాడు.

"అయ్యో, కిరీటం వంకరగా ఉందే!" అన్నారు ఇరవై మందీ గొంతెత్తి.

రాజు ఉలిక్కిపడి లేచాడు. "ఎవరా కూసింది?"

"ఎవరా కూసింది?"

"నోరు ముయ్యండి!"

"నోరు ముయ్యండి!"

సభలో ఉత్తరీయాలు నోట్లో కుక్కుకోనివాడు లేడు. రాజు కొండుభట్టు మీద మండిపడ్డాడు. "నా కిరీటాన్నే వంకరంటావా?"

"నేను ఒక్కసారే అన్నాను ప్రభూ. ఇరవైసార్లు అన్నది వరహా చదువు."

రాజు పళ్ళు నూరుతూ కూర్చున్నాడు. తర్వాత వరహాలమ్మ తన బడి పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి ఓ పక్కన నిలబడింది. కొండుభట్టు బిరుదులు చెప్పి, మళ్ళీ అదే మాట అన్నాడు. "అయ్యో, కిరీటం వంకరగా ఉందే!"

ఎవరూ తిరిగి అనలేదు. అందరూ తలలెత్తి చూశారు. ఒకడు వంకరే అన్నాడు, ఇంకొకడు కాదన్నాడు. భ్రమర మాత్రం నడుచుకుంటూ సింహాసనం దాకా వెళ్ళి, అటూ ఇటూ తిరిగి చూసింది.

"తాతా, కిరీటం తిన్నగానే ఉంది. రాజుగారే మెడ వంచారు." ఆ తర్వాత రాజువైపు తిరిగి, "రాజుగారూ, బరువా?" అని అడిగింది.

తాతలనాటి ఆ కిరీటం మోసి మోసి రాజుగారికి పదకొండేళ్ళుగా మెడనొప్పి. అంతమంది మంత్రుల్లో, పండితుల్లో ఆ మాట అడిగినవాడు లేడు.

"అవునమ్మా," అన్నాడు రాజు మెల్లగా. "బరువే."

"మరి ఎందుకు పెట్టుకున్నారు?"

రాజు జవాబు చెప్పబోయి, ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. నవ్వుతూనే కిరీటం తీసి, "కాసేపు మీరు పట్టుకోండి" అని దిగ్గజాచార్యుల చేతుల్లో పెట్టాడు. ఆచార్యులవారు ఆ బరువుకు ముందుకు తూలారు.

"కొండుభట్టూ, నీ విచారణ తేలిందయ్యా! మానెడు బియ్యానికి ఇంత చదువా? ఇదిగో, నీకు మానెడు ముత్యాలు!"

కొండుభట్టు ఆ ముత్యాలు తీసుకెళ్ళి వరహాలమ్మ ముందు పెట్టాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. "అమ్మా, నిండు సభలో నా మనవరాలు మాట్లాడింది. నీ ఋణం తీర్చుకోలేను. ఇవి ఉంచు."

వరహాలమ్మ నవ్వి, పాత్ర వెనక్కి జరిపింది. "నెల జీతం మానెడు బియ్యం, బాబుగారూ. ముత్యాలు ఉడకవు. మనసుంటే ఆ కారే చూరు బాగుచేయించండి."

రాజు మళ్ళీ నవ్వాడు. ఈసారి కిరీటం లేదు కనుక తల వెనక్కి వాల్చి హాయిగా నవ్వాడు. చూరు తానే వేయిస్తానన్నాడు. తన చిన్నకొడుకును మర్నాటి నుంచి బియ్యంతో సహా పంపుతానన్నాడు.

ఇంటికి వెళ్ళే దారిలో భ్రమర తాత చెయ్యి లాగింది. "తాతా, ముత్యాలు ఎందుకు ఉడకవు?"

రాజుకైనా, పండితుడికైనా ఠక్కున జవాబు చెప్పే కొండుభట్టు నడిబజారులో ఆగిపోయాడు. "నాకు తెలీదే తల్లీ," అన్నాడు సంతోషంగా. "రేపు మీ పంతులమ్మగారిని అడిగి, వచ్చి నాకూ చెప్పు."